తిరుగు బిచ్చగాడికి పొయ్యి పక్కన పడక: ఐర్లండ్ పల్లెల్లో అది గౌరవమా, భయమా?

లిఫీతీరం:
నేను డబ్లిన్‌లో ఉంటున్నాను. ఈ చలికాలం సాయంత్రాలన్నీ ఇక్కడి జానపద సేకరణలో ఒక భాగాన్ని చదవడంతోనే గడిచిపోయాయి. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ జానపద కమిషన్ దాదాపు 5,000 బడుల్లోని పై తరగతుల పిల్లలకు నోటుపుస్తకాలిచ్చి, ఇంట్లోని, ఇరుగుపొరుగుల్లోని ముసలివాళ్లను అడిగి ఊరి సంగతులు రాసుకురమ్మంది. ఆ సంగతుల్లో 'లుఖ్త్ షూల్', అంటే 'నడిచే జనం', ఒక శీర్షిక. తిరుగు బిచ్చగాళ్లు, మూటల వర్తకులు, తగరపు పనివాళ్లు అందరూ అందులోకే వస్తారు.

ఆ పుటల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే దృశ్యం ఒకటుంది. పొద్దుగూకే వేళ సంచి భుజాన వేసుకున్న మనిషి గడప దగ్గర నిలబడి ఇంటివారిని దేవుడి పేరుతో దీవిస్తాడు. ఇల్లాలు ఆ సంచిలో నాలుగు బంగాళదుంపలో దోసెడు పిండో వేస్తుంది. చీకటి పడితే పొయ్యి పక్కన గడ్డి పరిచి పడుకోనిస్తారు. అతడు ఆ ఇంట్లో పోయినవారి ఆత్మల కోసం ప్రార్థన చేసి, పక్క ఊళ్లలో ఎవరు పోయారో, సంతలో ఆవు ధర ఎంత పలికిందో చెబుతాడు. నా దృష్టిలో ఇది ముష్టి కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. అతడు అతిథి. 1838లో పేదల చట్టం తెచ్చి, దేశాన్ని 130 యూనియన్లుగా, అంటే పేదల సహాయ మండలాలుగా, విడగొట్టి, ఒక్కోదానికి పేదలను ఉంచి పని చేయించే ఒక్కో వర్క్‌హౌస్ కట్టి, 1847లో బిచ్చమెత్తడాన్నే శిక్షించే చట్టం చేసిన తరువాత ఆ అతిథి నేరస్థుడయ్యాడు. ఐరిష్ కాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన నాయకుడు డేనియల్ ఓకానెల్ అంతటివాడు ఆ 1838 చట్టాన్ని వ్యతిరేకించాడన్నది గుర్తుంచుకోవాలి. మీరేమంటారు?

గోదారిగట్టు:
మా చిన్నప్పుడు సంక్రాంతికి హరిదాసు వస్తే అమ్మ నాచేతనే అక్షయపాత్రలో బియ్యం పోయించేది. మీరు రాసింది అచ్చం అలాగే ఉందండీ.

పాతపుటలు:
లిఫీతీరం గారి సాక్ష్యం, ఆయన నిర్ధారణ ఒకదానికొకటి పొసగవు. 1938లో డెబ్బై ఏళ్లున్న తాత 1868 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. అప్పటికి వర్క్‌హౌస్ చట్టం వచ్చి ముప్పై ఏళ్లు. అంటే పొయ్యి పక్కన పడుకున్న ఆ బిచ్చగాడు చట్టం తరువాతి మనిషే. చట్టం అతణ్ని అతిథి స్థానం నుంచి దించి ఉంటే, ఆ ముసలివాళ్లకు ఆ జ్ఞాపకమే ఉండకూడదు. చట్టానికి ముందు అంతా గౌరవమేనన్నది కూడా నిలబడదు. ఊరి బిచ్చగాళ్లకు గుర్తింపు బిళ్లలు కట్టాలనీ, పొరుగూరి వాళ్లను తరిమేయాలనీ 'గలివర్' రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1737లోనే రాశాడు. 1772 చట్టం ఆ బిళ్లల పద్ధతినే తెచ్చి, లైసెన్సు లేకుండా అడుక్కునేవాణ్ని బంధించేందుకు వీలు కల్పించింది.

చట్టానికి ముందు సంగతి తెలియాలంటే చూడవలసింది 1833 నుంచి 1836 వరకు ఆర్చ్‌బిషప్ వేట్లీ అధ్యక్షతన జరిగిన పేదరిక విచారణను. ఏటా ముప్పై వారాల పాటు 23,85,000 మందికి పని ఉండదని లెక్క వేసింది ఆ విచారణే. పల్లె పల్లెలో కూర్చుని, రైతులను, కూలీలను, పాదిరీలను, దుకాణదారులను అందరి ముందూ ప్రశ్నించారు. బిచ్చగాడిని తిప్పి పంపితే శాపం తగులుతుందని భయం, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని సిగ్గు, జ్వరం తెస్తాడని మరో భయం; ఇవన్నీ ఆ సాక్ష్యాల్లో ఉన్నాయి. 1816 నుంచి 1819 వరకు టైఫస్ జ్వరం దేశమంతా పాకినప్పుడు అందరి వేలూ తిరుగు బిచ్చగాళ్ల వైపే చూపింది. ఇక ఓకానెల్ సంగతి. దానధర్మాలు ఎండిపోతాయని ఆయన వాదించిన మాట నిజమే. కానీ ఆయన స్వయంగా కెర్రీలో భూస్వామి, ఆ చట్టం కింద పన్ను భారం భూస్వాముల మీద కూడా పడేది. ఆయన్ని సాక్షిగా పిలిచేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలి.

నిర్వాహకుడు:
హరిదాసుల మీద వేరే చర్చ ఉంది. ఇక్కడ ఐర్లండ్ సంగతి మాత్రమే రాయవలసిందిగా సభ్యులకు మనవి.

లిఫీతీరం:
తేదీల విషయంలో పాతపుటలు గారు పట్టుకున్న లోపాన్ని ఒప్పుకుంటాను. చట్టం రాగానే ఆచారం ఆగిపోయిందన్న ధ్వని నా మాటల్లో వచ్చి ఉంటే అది తప్పే. అయితే ఆయన నా అసలు ప్రశ్న జోలికి పోలేదు. ఆ కాలపు ఐరిష్ గుడిసెలో చాలాసార్లు ఉన్నది ఒకే గది, ఒకే పొయ్యి. ఆ ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు పొయ్యి పక్కనే. శాపానికి భయపడేవాడు నాలుగు దుంపలిచ్చి పంపేస్తాడు గానీ, తన పిల్లలు పడుకునే గదిలో, నిప్పు పక్కన, ముక్కూమొహం తెలియని మనిషిని పడుకోనిస్తాడా? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పండి.

ఒక అనుభవం చెబుతాను. నాలుగేళ్ల కిందట మేయో కౌంటీలో వానలో నా కారు ఆగిపోయింది. దగ్గర్లోని ఇంటి తలుపు తడితే, అక్కడున్న పెద్దావిడ నా పేరైనా అడగకుండా లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అదే దేశంలో నగరంలో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు, నా పేరు వినగానే ఇల్లు లేదన్నవాళ్లు ముగ్గురు. ఈ తేడా ఎక్కడిదంటారు? పల్లెకు ఆ పాత మర్యాద ఇంకా గుర్తుంది.

పాతపుటలు:
2020 దశకంలో మీరు తాగిన టీ 1830 దశకానికి సాక్ష్యం కాదు. కారున్న మనిషి బిచ్చగాడూ కాదు.

పొయ్యి పక్కన ఎందుకు పడుకోనిచ్చారంటారా? ఒకే గది ఉన్న ఇంట్లో వేరే చోటు లేదు కనుక. మంచం ఇవ్వలేదు, గడ్డి ఇచ్చారు. తెల్లవారి ఆ గడ్డిని ఎత్తి పారేయవచ్చు. గడ్డితో పాటు పేలూ పోతాయి. రాత్రంతా మనిషి కళ్లముందే ఉంటాడన్న భరోసా కూడా దక్కుతుంది. మీకు ఆతిథ్యం కనిపించిన చోట నాకు కాపలా కనిపిస్తోంది. రెండూ ఊహలే. అందుకే గడ్డిని వదిలి సాక్ష్యాలు చూద్దామన్నాను.

లిఫీతీరం:
గడ్డిని నేను వదలను. పశువుల కొట్టం ఉన్న రైతులు కూడా ఇంట్లోకే రానిచ్చిన సందర్భాలున్నాయి.

సత్తుగిన్నె:
మీరిద్దరూ బిచ్చగాడు అంటే ఒకే మనిషి అన్నట్టు మాట్లాడుతున్నారు. రోడ్డు మీద కనీసం నాలుగు రకాల వాళ్లున్నారు.

మొదటిది, కూలివాని భార్య. పాత బంగాళదుంపలు అయిపోయి కొత్తవి ఇంకా తవ్వని జూన్, జూలై, ఆగస్టు నెలలను అక్కడి వాళ్లు 'పిండి నెలలు' అనేవారు. దుంపల్లేవు, అప్పు చేసి పిండి కొనాలి. మగవాడు ఇంగ్లండుకో స్కాట్లండుకో కోతలకు పోతాడు. ఆడమనిషి గుడిసె తలుపు బిగించి, పిల్లల్ని వెంటబెట్టుకుని, రోజుల తరబడి నడిచి, తనను ఎరిగినవాళ్లు లేని ఊరికి వెళ్లి చెయ్యి చాపుతుంది. కొత్త దుంపలు రాగానే తిరిగి వచ్చి మళ్లీ కూలివాని భార్య అయిపోతుంది. రెండోది, 'బకఖ్'. ఆ ఐరిష్ మాటకు అర్థం కుంటివాడు. ఏడాది పొడవునా అదే వృత్తి, ప్రార్థనలూ కబుర్లూ నోటికి వచ్చినవాడు. లిఫీతీరం గారి దృశ్యంలో ఉన్నది ఇతడొక్కడే. మూడోది, తగరపు పనివాడు, టింకరు. అతడు కుటుంబంతో తిరిగేవాడు, బకెట్లూ పాల క్యాన్లూ చేసేవాడు, చిల్లులకు మాట్లు వేసేవాడు. నాలుగోది, మూట విప్పి సూదులు, దారాలు, రిబ్బన్లు, దేవుడి పటాలు అమ్మే వర్తకుడు.

ఇప్పుడు లిఫీతీరం గారిని ఒక్కటి అడుగుతాను. భిక్షాటనలో అంత గౌరవమే ఉంటే ఆ కూలివాని భార్య పక్క ఊరు కాదని అంత దూరం ఎందుకు నడిచింది?

కొత్తగావచ్చాను:
టింకర్లంటే మహాకరువులో భూములు పోగొట్టుకుని రోడ్డున పడ్డవాళ్లే కదండీ? ఎక్కడో చదివాను.

పాతపుటలు:
కాదు. ఆ మాట చాలామంది నమ్మినదే. 2017లో వచ్చిన జన్యు అధ్యయనం ప్రకారం ఐరిష్ ట్రావెలర్లు, అంటే టింకర్లని పిలిచిన ఆ సంచార జనం, మిగతా ఐరిష్ జనం నుంచి వేరుపడి కనీసం ఎనిమిది తరాలైంది. అది 1845 కరువు కంటే ముందు సంగతి. వాళ్లకు కాంట్ అనీ గామన్ అనీ పిలిచే సొంత భాష కూడా ఉంది. అదే ఏడాది మార్చి 1న ప్రధాని ఎండా కెనీ పార్లమెంటులో వాళ్లను ప్రత్యేక జాతి సమూహంగా గుర్తించాడు. 2022 జనగణనలో 32,949 మంది ట్రావెలర్లుగా నమోదయ్యారు. కరువులో రోడ్డున పడ్డవాళ్లలో బతికినవాళ్లు చాలామంది ఓడలెక్కారు గానీ టింకర్లు కాలేదు.

లిఫీతీరం:
సత్తుగిన్నె గారి విభజనను ఒప్పుకుంటున్నాను, అది నాకు పనికొచ్చేదే. కూలివాని భార్య సిగ్గుపడింది, ఎందుకంటే అది ఆమె వృత్తి కాదు. బకఖ్ సిగ్గుపడలేదు, ఎందుకంటే అది అతని వృత్తి. గౌరవం దక్కింది వృత్తికి. ఆ లెక్కన మూటల వర్తకునికి ఇంకా ఎక్కువ దక్కాలి, దక్కింది కూడా. దుకాణం పది మైళ్ల అవతల ఉన్న కొండ పల్లెకు సూది తెచ్చేది అతడే, చవక పుస్తకాలు తెచ్చేది అతడే. చెట్ల కంచెల కింద నడిచిన బళ్లలో పిల్లలు చదువు నేర్చింది చాలావరకు ఆ చవక పుస్తకాలతోనే. అటువంటి మనిషిని చూసి పల్లె భయపడిందంటే నేను నమ్మను.

సత్తుగిన్నె:
పల్లె భయపడలేదు, వాడుకుంది. మూటల వర్తకునికి గౌరవం దక్కిందన్నారు కనుక, పేరూ ఏడాదీ ఉన్న సంగతి ఒకటి చెబుతాను.

1880 దశకం నుంచి లిథువేనియా వైపు నుంచి వచ్చిన యూదు కుటుంబాలు కొన్ని లిమెరిక్‌లో స్థిరపడ్డాయి. వాళ్లలో చాలామంది మూట భుజాన వేసుకుని నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ బట్టలు, పటాలు వారం వారం వాయిదాల మీద అమ్మేవారు. చేతిలో ఒకేసారి డబ్బు లేని ఇల్లాలికి దుప్పటి అప్పుగా ఇచ్చేవాడు మరొకడు లేడు. 1904 జనవరిలో అక్కడి రిడెంప్టరిస్టు అనే కాథలిక్ సంఘపు పాదిరీ జాన్ క్రీ చర్చిలో వాళ్లకు వ్యతిరేకంగా ప్రసంగించాడు. జనం సరుకు కొనడం మానేశారు. అంతకు ముందు తీసుకున్న సరుకుకు బాకీలు కూడా చాలామంది కట్టలేదు. వాళ్ల మీద దాడులు జరిగాయి, కుటుంబాలు ఊరు వదిలి వెళ్లిపోయాయి. రైతుల భూమి హక్కుల కోసం పోరాడిన మైకేల్ డేవిట్ వంటివాడు పత్రికల్లో బాహాటంగా ఖండించాడన్నది నిజమే, కానీ మూటలు మళ్లీ నిండలేదు.

గుమ్మంలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకున్న ఇళ్లే అవి. ఒక్క ప్రసంగానికి ఆ గౌరవం ఏమైంది?

లిఫీతీరం:
లిమెరిక్ నగరం. చర్చ పల్లెల గురించి.

సత్తుగిన్నె:
పల్లెల్లోనూ అమ్మేవారని రాశాను.

లిఫీతీరం:
బహిష్కరణ మొదలైంది నగరంలో, ప్రసంగం జరిగింది నగరంలో, దాడులు జరిగిందీ నగరంలో. ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. ఈ చర్చలో మొదటి నుంచీ చూస్తున్నాను, ఏ మంచి చూపించినా దాని కింద ఒక అవమానాన్ని తవ్వి తీయడమే మీకు పనిగా ఉంది. పొయ్యి పక్కన పడక ఇస్తే కాపలా, దుంపలిస్తే భయం, సరుకు కొంటే వాడుకోవడం. తిండికి లేని మనుషులు తమకున్న దుంపల్లో పంచి ఇచ్చారు. పెద్ద భవనాల వాళ్లు గేట్లు మూసి కుక్కల్ని వదిలినప్పుడు బిచ్చగాడికి తలుపు తీసింది ఆ గుడిసెలే. దాన్ని కూడా కించపరిస్తే ఇక మాట్లాడటానికేముంది?

పాతపుటలు:
గుడిసెలు ఇచ్చాయి, భవనాలు ఇవ్వలేదు అన్నది విచారణ సాక్ష్యాలు కూడా బలపరిచే మాట. అందులో నాకు అభ్యంతరం లేదు.

సత్తుగిన్నె:
నాకూ అభ్యంతరం లేదు. ఇచ్చారు. ఇవ్వలేదని నేనెక్కడా అనలేదు. నా కోపం ఎక్కడుందో చెబుతాను, అప్పుడు తవ్వి తీస్తున్నానని అనండి.

మా అమ్మమ్మ కృష్ణా జిల్లా పల్లెల్లో పాత బట్టలకు సత్తు గిన్నెలు ఇచ్చేది. తల మీద తట్ట, చంకలో బట్టల మూట. ఇక్కడ నేను పెట్టుకున్న పేరు అక్కడిదే. ఆమె తిరిగిన ఊళ్లలో ఒక ఇంటి మనవడు నాతో పాటు ఉద్యోగం చేశాడు. మాటల్లో సంగతి బయటపడితే అతడు ఎంతో సంతోషంగా, "మా నానమ్మ ఆ గిన్నెలావిడను ఇంటి మనిషిలా చూసుకునేది" అన్నాడు. అబద్ధం చెప్పాడని నేననుకోను. అతడికి ఇంట్లో అలాగే చెప్పి ఉంటారు. మా ఇంట్లో ఆ ఊరి పేరు చెబితే అమ్మమ్మ మాట మార్చేసేది.

లిఫీతీరం గారు చలికాలమంతా చదివిన పుటలు ఆ మనవడివి. రాసింది ఇళ్లున్నవాళ్ల పిల్లలు, చెప్పింది ఇళ్లున్న ముసలివాళ్లు. 1930 దశకంలో రోడ్డు మీద పెరిగే టింకరు పిల్లలు ఏ బడి రిజిస్టరులో నిలకడగా ఉన్నారు గనుక తమ తాతను అడిగి రాస్తారు? 1952లో అదే జానపద కమిషన్ టింకర్ల గురించి ప్రశ్నావళి తయారు చేసి పంపింది. ఎవరికి పంపింది? పల్లెల్లో తనకు సంగతులు రాసి పంపేవాళ్లకు. 1960లో ప్రభుత్వం దిమ్మరి జనం మీద ఒక కమిషన్ వేసి, వాళ్లు ఉండటాన్నే ఒక సమస్యగా దాని ముందు పెట్టింది. 1963లో నివేదిక వచ్చింది, వాళ్లను మిగతా జనంలో కలిపేయడమే పరిష్కారమంది. ఆ కమిషన్లో ఒక్క ట్రావెలరైనా సభ్యుడిగా లేడు. గౌరవం ఉండేదా లేదా అన్నది ఇచ్చినవాడిని అడిగి తేల్చే విషయమా? నా వాదన అదొక్కటే.

గోదారిగట్టు:
ఇది చదివాక హరిదాసు సంగతి నేను మళ్లీ ఆలోచించాలనుకుంటున్నాను.

పాతపుటలు:
సత్తుగిన్నె గారి వాదనలో చాలావరకు సబబే, కానీ ఒక చోట సవరణ అవసరం. పుచ్చుకున్నవాడి మాట ఎక్కడా లేదన్నట్టు ధ్వనించింది. 1830 దశకపు విచారణలో బిచ్చగాళ్లను కూడా పిలిచి అడిగారు. వాళ్ల మాటలు ఆ సంపుటాల్లో అచ్చయి ఉన్నాయి.

సత్తుగిన్నె:
భూస్వామి, పాదిరీ, ఊరంతా చూస్తుండగా, ప్రభుత్వ మనిషి ముందు నిలబడి చెప్పిన మాట అది. తన భాష ఐరిష్ అయితే దాన్ని ఇంగ్లీషులో రాసుకున్నది మరొకరు. ఆ ఊళ్లోనే రేపు మళ్లీ అడుక్కోవలసినవాడు ఏం చెబుతాడు?

పాతపుటలు:
అయినా అది మాటే. లేనట్టు లెక్కవేయకూడదు.

ఇంకొకటి, ఎవరూ ఎత్తలేదు గనుక చెబుతున్నాను. ముసలి బిచ్చగాళ్లు రోడ్డు మీద తగ్గడానికి గౌరవం పోవడమో భయం పెరగడమో కారణం కాదనుకుంటాను. 1909 జనవరి 1 నుంచి డెబ్బై ఏళ్లు దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల వరకు పింఛను వచ్చింది. సంచి దించడానికి అది చాలు. ఆ తరువాత రోడ్డు మీద ఎక్కువగా మిగిలింది ట్రావెలర్లే.

లిఫీతీరం:
రెండు రోజులు సమాధానం రాయలేదు. మీ అమ్మమ్మ గారి సంగతి తెలియక నేను వాడిన మాటలకు, 'తవ్వి తీయడం' అన్నదానికి, క్షమించండి.

పింఛను సంగతి చదివాక నాకు తోచింది ఒకటి రాస్తాను. తగరపు పనివాడి విషయంలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎనామిల్ గిన్నెలు, ఆ తరువాత 1950, 60 దశకాల్లో ప్లాస్టిక్ బకెట్లు పల్లెలకు చేరాయి. గాడిదలకూ గుర్రాలకూ బదులు ట్రాక్టర్లు వచ్చాయి. టింకరుతో పల్లెకు పని తప్పిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం అతణ్ని సమస్య అంది. కాబట్టి నేను గౌరవమన్నదానిలో చాలా భాగం అవసరమే అయి ఉండవచ్చు. అవసరం ఉన్నంతకాలం అది గౌరవంలాగే కనిపిస్తుంది, ఇచ్చినవాడికైతే మరీను. ట్రావెలర్లు తమ భాషలో ఇళ్లున్నవాళ్లకు 'బఫర్లు' అని పేరు పెట్టుకున్నారని ఎక్కడో చదివి నవ్వుకుని వదిలేశాను. ఆ మాట వెనక ఏముందో ఇప్పుడు చూడాలనుంది.

పొయ్యి పక్కన పడక మీద మాత్రం పాతపుటలు గారి పేల వాదనను ఒప్పుకోలేదని నమోదు చేసుకోండి.

సత్తుగిన్నె గారూ, ఇది అడగవచ్చో లేదో తెలియదు. ఆ ఇంట్లో మీ అమ్మమ్మ మంచినీళ్లయినా తాగేదా?

సత్తుగిన్నె:
తాగేదండీ. వాకిట్లో నిలబడి, దోసిలి పట్టి. తట్టనిండా గిన్నెలున్న మనిషి.